ప్రధానోపాధ్యాయురాలైన మేనకోడలికి: వైకల్యం ఉన్న పిల్లల చదువు, చట్టం, నీ బాధ్యత

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పదోన్నతి పొంది ఉన్నత పాఠశాల బాధ్యతలు తీసుకున్నావని తెలిసి సంతోషించాను. సర్వీసు రూల్సు, ట్రెజరీ బిల్లులు, మధ్యాహ్న భోజనం లెక్కలు నీకు ఎవరో ఒకరు నేర్పుతారు. వాటిలో తప్పు జరిగితే ఆడిట్ వారు వచ్చి మరీ చెబుతారు. వైకల్యం ఉన్న పిల్లల చదువుకు సంబంధించిన చట్టాన్ని మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, అది తెలియక చేసిన పనిని ఎత్తిచూపే ఆడిటూ లేదు. పిల్లవాడు బడికి రావడం మానేస్తాడు, కొన్నాళ్లకు హాజరుపట్టీలో పేరు తీసేస్తారు, ఎవరి మీదా మాట రాదు. ఉపాధ్యాయుడిగా, ప్రధానోపాధ్యాయుడిగా, ఆ తరువాత మండల విద్యాశాఖాధికారిగా ఈ సంగతిని అన్ని వైపుల నుంచీ చూసినవాణ్ణి కనుక ఈ ఒక్క విషయం మీదే నీకు వివరంగా రాస్తున్నాను.

నేను చూసినంతలో ఈ చట్టాన్ని తెలిసి ఉల్లంఘించే ప్రధానోపాధ్యాయులు చాలా తక్కువ. ఎక్కువమంది దయగలవారే, ఆ దయతోనే "ఇక్కడైతే మీవాడికి కష్టమమ్మా, ప్రత్యేక పాఠశాలలో వేస్తే బాగా చూసుకుంటారు" అని తల్లికి నచ్చజెప్పి పంపేస్తారు. తామొక మంచి సలహా ఇచ్చామనే వారి నమ్మకం. చట్టం దృష్టిలో అది ప్రవేశ నిరాకరణ అవుతుందని చెబితే నిజంగానే ఆశ్చర్యపోతారు. వైకల్యం ఉన్న పిల్లల చదువును ఇప్పటికీ మన శాఖలో చాలామంది ఒక సంక్షేమ పథకంగా చూస్తున్నారు: ఉపకరణాల పంపిణీ, ప్రయాణ భత్యం, డిసెంబరు 3న ఆటల పోటీలు. చట్టం దాన్ని హక్కుగా చూస్తుంది, ఆ హక్కును నిలబెట్టే పనిని బడికి అప్పగిస్తుంది. బడి అంటే ఆ కుర్చీలో ఉన్న నువ్వే.

నీ బల్ల మీద రెండు చట్టాలు ఉండాలి. మొదటిది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం. దానికి 2012లో చేసిన సవరణతో వైకల్యం ఉన్న పిల్లలను ప్రతికూల పరిస్థితుల్లో ఉన్న వర్గంలో చేర్చారు. రెండవది 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైన వికలాంగుల హక్కుల చట్టం. దీనికి ముందున్న 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది, కొత్త చట్టం 21 రకాలను గుర్తిస్తోంది. నీ స్టాఫ్‌రూమ్‌లో అడిగి చూడు, సగం మంది ఇంకా 1995లోనే ఉంటారు. వైకల్యం అనగానే చూపు, వినికిడి, కాలు, బుద్ధిమాంద్యం వరకే వారికి తోస్తుంది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు చేయడం వంటి వాటిలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది), సికిల్ సెల్ వ్యాధి, తలసీమియా, హీమోఫీలియా ఇవన్నీ ఈనాటి జాబితాలో ఉన్నాయి. నెలకు నాలుగైదు రోజులు నొప్పులతో బడికి రాలేని సికిల్ సెల్ పిల్లను "ఎగ్గొట్టే పిల్ల" అని మందలించే ఉపాధ్యాయుడు చెడ్డవాడు కాకపోవచ్చు. ఆ అమ్మాయికి ఒక చట్టం వర్తిస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది నువ్వే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఒకటుంది, అది 40 శాతం అపోహ. వైకల్య శాతాన్ని తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం లేకపోతే ఏ సౌకర్యమూ లేదని మండల కార్యాలయం గుమాస్తా నుంచి జిల్లా స్థాయి వరకు అందరూ అనుకుంటారు. ఆ అంకె 2016 చట్టంలో ఉన్న మాట నిజమే. 40 శాతానికి తగ్గని వైకల్యాన్ని బెంచ్‌మార్క్ వైకల్యం అంటారు. కొన్ని నిర్దిష్టమైన ప్రయోజనాలను చట్టం వారికే పరిమితం చేసింది. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కును ఇచ్చే 31వ సెక్షన్, ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గని రిజర్వేషన్ ఇచ్చే 32వ సెక్షన్, 18 ఏళ్ల వరకు పుస్తకాలు, ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలనే నిబంధన, ఉపకార వేతనాలు ఆ కోవలోనివి. వివక్ష చూపరాదనే 3వ సెక్షన్‌కు గానీ, విద్యాసంస్థల విధులను చెప్పే 16వ సెక్షన్‌కు గానీ ఈ 40 శాతంతో సంబంధం లేదు. అవి వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ వర్తిస్తాయి. అంటే 30 శాతం వినికిడి లోపం ఉన్న అబ్బాయికి ఉపకార వేతనం రాకపోవచ్చు, మొదటి వరుసలో కూర్చునే హక్కు, ఉపాధ్యాయుడు నల్లబల్ల వైపు తిరిగి కాకుండా తనకు ముఖం కనిపించేలా పాఠం చెప్పాలని అడిగే హక్కు మాత్రం ఉంటాయి.

ఈ భేదాన్ని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో స్పష్టంగా తేల్చింది. చేతిరాతలో తీవ్రమైన ఇబ్బంది ఉన్న ఆ అభ్యర్థికి, బెంచ్‌మార్క్ వైకల్యం లేదన్న కారణంతో సివిల్ సర్వీసుల పరీక్షలో, తను చెబితే రాసిపెట్టే సహాయకుడిని, అంటే స్క్రైబ్‌ను నిరాకరించారు. బెంచ్‌మార్క్ వైకల్యం ఉన్నవారికే స్క్రైబ్ అని పరిమితి పెట్టడం చట్టానికి విరుద్ధమని కోర్టు చెప్పింది. ఆ తరువాత 2022 ఆగస్టులో కేంద్రం 40 శాతానికి తక్కువ వైకల్యం ఉండి రాయడంలో ఇబ్బంది పడేవారి కోసం విడిగా మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చింది. కాబట్టి శాతం తక్కువగా ఉంది కనుక ఏమీ చేయలేమని నీ దగ్గరకు వచ్చే ఫైలు మీద సంతకం పెట్టేముందు, వారు అడుగుతున్నది ప్రయోజనమా, సర్దుబాటా అని చూడు. ప్రయోజనమైతే అంకె అవసరం. సర్దుబాటైతే అంకె కాదు, ఆ బిడ్డకు నిజంగా ఉన్న ఇబ్బంది అవసరం.

సహేతుకమైన సర్దుబాటు అన్నదే ఈ చట్టానికి ప్రాణం, మన పాలకులకు అర్థం కానిదీ అదే. ఒక ప్రత్యేక బిడ్డకు, ఒక ప్రత్యేక సందర్భంలో, ఇతరులతో సమానంగా హక్కును అనుభవించడానికి కావలసిన మార్పు అని దాని భావం. బడి మీద మితిమీరిన భారం పడకూడదన్న పరిమితి కూడా ఆ నిర్వచనంలోనే ఉంది. ఆ సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షేనని చట్టం నిర్వచించింది. అంటే బిడ్డను తరగతిలో కూర్చోనిచ్చాం, ఎవరూ ఏమీ అనలేదు, కాబట్టి వివక్ష లేదు అనుకోవడానికి వీల్లేదు. చక్రాల కుర్చీలో వచ్చే అమ్మాయి తొమ్మిదో తరగతిలోకి వచ్చిన ఏడాది ఆ తరగతి మేడమీద ఉంటే, దాన్ని కింది అంతస్తులో ఉన్న ఆరో తరగతితో మార్చాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు. అయినా ఎన్నో బడుల్లో ఆ మార్పు జరగదు, ఎందుకంటే ర్యాంపుకు నిధులు రాలేదని లేఖలు రాస్తూ కూర్చుంటారు. ర్యాంపు కట్టించే ప్రయత్నం మానుకోమనడం లేదు. అవరోధాలు లేని ప్రవేశం ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. నిధులు వచ్చేదాకా చేయగలిగింది చేయకపోవడమే నా అభ్యంతరం. భారమనే సాకు చెప్పదలచినవారు, ఏ పనికి ఎంత అవుతుందో, ఎందుకు సాధ్యం కాదో లెక్కకట్టి కాగితం మీద పెట్టగలగాలి. లెక్క కట్టడం మొదలుపెడితే చాలా అభ్యంతరాలు వాటంతటవే పోతాయి.

16వ సెక్షన్ బాధ్యతను మొదట ప్రభుత్వం మీద, స్థానిక సంస్థల మీద పెట్టింది కదా, నేరుగా మా మీద కాదు కదా అని వాదించే సహోద్యోగులు నీకు తప్పకుండా ఎదురవుతారు. వాదన పైకి బాగానే ఉంటుంది. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలివైన నువ్వు ఆ ప్రభుత్వానికే ప్రతినిధివి, నీ ద్వారా తప్ప ప్రభుత్వం ఆ బిడ్డను చేరలేదు. ఆ సెక్షన్ ప్రభుత్వ నిధులు పొందే బడులతో పాటు గుర్తింపు పొందిన బడులకు కూడా వర్తిస్తుంది కనుక, ప్రైవేటు పాఠశాల నడుపుతున్న మీ బావగారికి కూడా ఈ ఉత్తరం చూపించు. గుర్తింపు పత్రాన్ని గోడకు తగిలించుకుని, ఇలాంటి పిల్లలు ప్రభుత్వ బడికే వెళ్లాలనడం కుదరదు.

ప్రవేశాల సంగతి త్వరగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చట్టం సూటిగా ఉంది. ప్రవేశానికి ముందు బిడ్డను పరీక్షించి వడపోయడం విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. వయసు ధ్రువపత్రం లేదని, గడువు దాటిందని ప్రవేశం నిరాకరించరాదు. సదరం సర్టిఫికెట్ తెస్తేనే చేర్చుకుంటాననే షరతు ఏ సెక్షన్‌లోనూ లేదు. ముందు చేర్చుకో, సర్టిఫికెట్ కోసం సదరం శిబిరానికి వెళ్లేందుకు తరువాత సాయం చెయ్యి. కార్యాలయంలో ప్రవేశాలు చూసే గుమాస్తాకు ఈ మాటలు నువ్వే స్వయంగా చెప్పాలి. చాలా నిరాకరణలు ప్రధానోపాధ్యాయుల గదిలో జరగవు, వరండాలో ఆ బల్ల దగ్గరే నోటిమాటగా జరిగిపోతాయి.

ఇంటి వద్ద విద్య విషయంలో మాత్రం ఆగి ఆలోచించాలి. బహుళ వైకల్యం లేదా తీవ్ర వైకల్యం ఉన్న బిడ్డకు ఇంటి వద్దే చదువును ఎంచుకునే హక్కు కూడా ఉంటుందని 2012 సవరణ చెప్పింది. ఎంపిక బిడ్డది, అతని కుటుంబానిది. ఆచరణలో ఇది తలకిందులై, బడి వారే ఎంపిక చేసి తల్లిదండ్రులతో సంతకం పెట్టించుకునే పద్ధతిగా మారిపోయింది. తరగతిలో కేకలు వేసే పిల్లవాడిని, మరుగుదొడ్డికి తోడు అవసరమైన పిల్లను "హోమ్ బేస్డ్" జాబితాలో రాసేస్తే రికార్డు చక్కగా ఉంటుంది, బడి ప్రశాంతంగా ఉంటుంది. నీ బడిలో అలాంటి జాబితా ఉంటే, ఒక్కొక్క పేరు దగ్గర ఆగి, ఈ నిర్ణయం ఎవరు చేశారు, ఏ కారణంతో చేశారు, ఆ ఇంటికి వారానికి ఎవరు వెళుతున్నారు, ఆ బిడ్డ మళ్లీ బడికి రావాలంటే ఏం కావాలి అని అడిగి తెలుసుకో. సమాధానాలు దొరకని పేర్లు కొన్ని తప్పక ఉంటాయి. ఆ ఇళ్లకు నువ్వే వెళ్లి మాట్లాడు.

ఇక భవిత కేంద్రం గురించి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉండడం, అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్‌లు ఉండడం మంచిదే. కాని దానివల్ల మన బడుల్లో ఒక చెడ్డ అలవాటు కూడా వచ్చింది: ఆ పిల్లలంతా వారి పిల్లలు, మనవాళ్లు కాదు అనుకోవడం. 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయులకు ప్రాథమిక స్థాయిలో 10 మంది పిల్లలకు ఒకరు, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున తాత్కాలికంగా నిష్పత్తిని నిర్దేశించింది. ఆ నిష్పత్తికీ మన మండలాల వాస్తవానికీ ఎంత దూరమో నీకు నేను చెప్పనక్కరలేదు. పోస్టులు మంజూరయ్యేదాకా గణితం మాస్టారే ఆ పిల్లవాడికి గణితం చెప్పాలి, రిసోర్స్ పర్సన్ ఆయనకు పద్ధతి చూపాలి. కాబట్టి వారు నీ బడికి వచ్చిన రోజున పిల్లలను వేరే గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టడంతో సరిపెట్టనివ్వకు. కనీసం ఒక పీరియడ్ తరగతి ఉపాధ్యాయుడి పక్కన కూర్చుని, ఈ బిడ్డకు ప్రశ్న ఎలా అడగాలి, హోంవర్క్ ఎంత తగ్గించాలి, ఏది నోటితో చెప్పించాలి అనేది తేల్చేలా చూడు.

నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధనా చర్యలు తీసుకోవడం, వైకల్యం ఉన్న ప్రతి విద్యార్థి ప్రగతిని పరిశీలించడం 2016 చట్టం 16వ సెక్షన్‌లోని విధులే. ఉన్నత పాఠశాలలో ఇది మరీ ముఖ్యం. ఆరో తరగతికి వచ్చినా చదవలేని, అయితే మాట్లాడితే చురుగ్గా సమాధానం చెప్పే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు, వారిని మనం "మొద్దు", "సోమరి" అనే రెండు గదుల్లో పడేస్తాం. అందరూ డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది కలిగించే అభ్యసన వైకల్యం) ఉన్న పిల్లలే అని నేననడం లేదు. కొందరికి కింది తరగతుల్లో చదువు సరిగా చెప్పక అలా ఉంటుంది. ఆ తేడా తేల్చడం నీ పని కాదు, నిపుణులది. తేల్చడానికి పంపడం మాత్రం నీ పనే.

పదో తరగతి ఫలితాల శాతం మన వృత్తికి పట్టిన పెద్ద జబ్బు, అది ఈ పిల్లల మీదే ముందుగా పడుతుంది. తొమ్మిదో తరగతి చివర్లో తండ్రిని పిలిపించి, "ఓపెన్ స్కూల్‌లో కట్టిస్తే సులభంగా పాసవుతాడు" అని టీసీ చేతిలో పెట్టే ఆచారం నీకు తెలిసిందే. ప్రాథమిక విద్య పూర్తయ్యేవరకు బిడ్డను బడి నుంచి తీసివేయరాదని విద్యాహక్కు చట్టం చెబుతుంది, అది ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది కనుక ఆ తరువాత తమకు స్వేచ్ఛ ఉందని కొందరు లెక్క వేసుకుంటారు. బెంచ్‌మార్క్ వైకల్యం ఉన్న బిడ్డకు 2016 చట్టం 31వ సెక్షన్ 18 ఏళ్ల వరకు రక్షణ ఇస్తోంది, మిగిలినవారికి 3వ సెక్షన్ ఎలాగూ ఉంది. వైకల్యం కారణంగా ఒక బిడ్డకు టీసీ ఇచ్చి పంపడం, ఎంత మృదువుగా చేసినా, వివక్షే. నీ మీద ఫలితాల ఒత్తిడి తెచ్చే అధికారికి ఈ మాట రాతపూర్వకంగా చెప్పు. రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు.

పరీక్షల విషయంలో చట్టం తెలిసి ఉండటమే కాదు, తేదీలు కూడా తెలిసి ఉండాలి. అదనపు సమయం, స్క్రైబ్, రెండవ, మూడవ భాషల మినహాయింపు వంటి మార్పులు చేయాలని 2016 చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాలు గంటకు 20 నిమిషాలకు తగ్గని అదనపు సమయాన్ని నిర్దేశించాయి. మన బోర్డు పరీక్షలకు ఏటా విడిగా సర్క్యులర్ వస్తుంది, దానికో గడువు ఉంటుంది, ఆ గడువు దాటితే హక్కు ఉన్నా హాల్‌టికెట్‌లో కనిపించదు. కాబట్టి తొమ్మిదో తరగతిలోనే ఎవరికి ఏ సర్దుబాటు కావాలో రాసుకుని, యూనిట్ పరీక్షల నుంచే అవే సర్దుబాట్లతో రాయించు. స్క్రైబ్‌తో రాయడం కూడా నేర్చుకోవలసిన విద్యే. మార్చిలో మొదటిసారి పరిచయమైన పిల్లవాడికి సమాధానం చెప్పి రాయించుకోవడం ఎంత కష్టమో చూసినవారికే తెలుస్తుంది. పరీక్షా కేంద్రంగా నీ బడి ఉన్నప్పుడు ఇన్విజిలేటర్లకు ఈ సంగతి ముందురోజే వివరించు. 2021లోనే అవనీ ప్రకాశ్ కేసులో, నీట్ పరీక్ష రాసిన డిస్గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) ఉన్న విద్యార్థినికి రావలసిన గంట అదనపు సమయాన్ని పరీక్షా కేంద్రం వారు ఇవ్వలేదు. సుప్రీంకోర్టు ఆమె హక్కును గుర్తించి, పరిహార మార్గాన్ని పరిశీలించమని పరీక్షా సంస్థను ఆదేశించింది, మళ్లీ పరీక్ష మాత్రం పెట్టించలేదు. కేంద్రంలోని సిబ్బందికి నిబంధన తెలియకపోతే పోయిన ఆ గంటను దేశంలోని అత్యున్నత న్యాయస్థానం కూడా తిరిగి ఇవ్వలేకపోయింది.

శిక్ష, అవమానం గురించి రెండు మాటలు. శారీరక దండన, మానసిక వేధింపు విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద ఏ బిడ్డ విషయంలోనూ చెల్లవు. దానికి తోడు, వైకల్యం ఉన్న వ్యక్తిని పదిమంది చూస్తుండగా కించపరచాలనే ఉద్దేశంతో అవమానిస్తే 2016 చట్టం 92వ సెక్షన్ కింద 6 నెలలకు తగ్గకుండా 5 ఏళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా ఉంటాయి. అసెంబ్లీలో నిలబెట్టి వైకల్యం పేరుతో పిలవడం "సరదా" అనుకునే ఉపాధ్యాయులకు దీన్ని ఒకసారి చదివి వినిపిస్తే చాలు. నేను ఇలా చదివి వినిపించిన చోట గొంతులు తగ్గడం చూశాను.

చివరిగా, రాతపని. మనవారికి రాతపని అంటే బడుల వివరాలు నమోదుచేసే యుడైస్ ప్లస్‌లో ప్రత్యేక అవసరాల పిల్లల గడులు నింపడమే. ఆ అంకెలు సరిగా నింపు, వాటిని బట్టే ఉపకరణాలు, భత్యాలు వస్తాయి. వాటితో పాటు ఒక్కొక్క బిడ్డకు ఒక్క పేజీ పెట్టు: ఇబ్బంది ఏమిటి, తల్లిదండ్రులు ఏమడిగారు, ఏ సర్దుబాటుకు ఒప్పుకున్నాం, ఎవరు చేస్తారు, ఎప్పుడు మళ్లీ చూస్తాం. తల్లి ఏదైనా అడిగినప్పుడు కుదరదని చెప్పవలసి వస్తే నోటితో చెప్పకు, కారణంతో సహా కాగితం మీద రాసి ఇవ్వు. రాయడానికి కూర్చున్నప్పుడు సరైన కారణం దొరకకపోతే ఆ కాదనడమే సరైనది కాదని నీకే తెలుస్తుంది. ఆమెకు తృప్తి కలగకపోతే ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పు. 2016 చట్టం 23వ సెక్షన్ కింద ప్రభుత్వ సంస్థల్లో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, రాష్ట్రస్థాయిలో వికలాంగుల కమిషనర్ ఉంటారు. దారి చూపించిన ప్రధానోపాధ్యాయురాలి మీద ఫిర్యాదులు వెళ్లడం నేను అరుదుగానే చూశాను. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులకు తగ్గకుండా తల్లిదండ్రులే ఉండాలి కదా, వారిలో ఒక్కరైనా ఇలాంటి బిడ్డ తల్లో తండ్రో ఉండేలా చూడు. పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీ నుంచి ర్యాంపు దాకా ఏవి రావాలో ఆ ఒక్కరు అడిగినంత సూటిగా మరెవరూ అడగరు.

బదిలీ మీద వెళ్లేటప్పుడు ఆ పేజీలన్నీ ఛార్జి జాబితాలో చేర్చి, తరువాత వచ్చేవారి సంతకం తీసుకో. ముందుగా హోమ్ బేస్డ్ జాబితా, పదో తరగతి పిల్లల పరీక్షా సర్దుబాట్ల జాబితా తయారుచేసి నాకు పంపు. పిల్లల పేర్లు తీసేసి వివరాలు మాత్రం పంపితే చాలు, చూసి నాకు తోచింది రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య